రెడీ అనకముందు తీసిన ఫోటో

రండి రండి, దగ్గరికి జరగండి. ఆ చివర కూచున్న అమ్మలూ, మీ కోడళ్ళ మీద చెప్పుకునేవి కాసేపు ఆపండి, నేను చెప్పబోయేది కూడా ఓ కోడలి సంగతే. కుర్రాళ్ళూ, ఫోన్లు జేబుల్లో పెట్టండి. ఇహ ఎవరూ మాట్టాడకండి. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా మా గేదె పాలివ్వదు. అది ఇప్పటికే ఇవ్వట్లేదనుకోండి, అది వేరే సంగతి.

మండపేటలో రైస్‌మిల్లుల రోడ్డు మీద ఫిన్నీ డిజిటల్స్ అని ఓ ఫోటో స్టూడియో ఉంది. కింద స్టూడియో, మీద ఇల్లు. పెట్టింది ఐజాక్ గారు. నలభై ఏళ్ళు నిలబడి ఫోటోలు తీసి తీసి మోకాళ్ళు అరిగిపోయి, ఇప్పుడు వరండాలో కుర్చీకే పరిమితమయ్యారు. ఆయన కుర్చీలో కూచున్న మర్నాడే కొడుకు ఫిన్నీ బోర్డు మీద తండ్రి పేరు చెరిపించి తన పేరు రాయించుకున్నాడు. అదీ ఆ కొడుకు.

ఫిన్నీ పెళ్ళిళ్ళు తీస్తాడు. అతని లెన్సు ఎంత పొడుగంటే, ఓసారి మండపేటలో నిలబడి తిప్పితే రామచంద్రపురంలో ఎవరి కంచంలో ఏ కూరుందో కనపడిందంట. డ్రోను లేపితే వరిచేలో కొంగలన్నీ లేచిపోయి పట్టిసీమలో దిగి వారం దాకా తిరిగి రాలేదు. అంతటి మొనగాడికీ శవమంటే భయం. ఉత్త భయం కాదు. శవపెట్టెలు చేసే కొట్టు ముందు నుంచి బండి మీద వెళ్ళాల్సొస్తే కళ్ళు మూసుకుని వెళ్ళేవాడు. రెండుసార్లు కాలవలో పడ్డాడు.

మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో ఎవరైనా పోతే, సమాధికి తీసికెళ్ళే ముందు పెట్టె చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఫోటో దిగుతారు. పోయినోళ్ళతో ఆఖరి ఫోటో అది. ఫోన్లో ఎన్ని తీసుకున్నా, ఆ ఒక్కటీ స్టూడియో వాళ్ళు తీసి ఫ్రేము కట్టాల్సిందే. ఫిన్నీ వెళ్ళలేడు, ఐజాక్ గారు లేవలేరు. అందుకని ఏడేళ్ళ నుంచీ ఆ పని ఫిన్నీ పెళ్ళాం ఆశాజ్యోతి చేస్తోంది. పెళ్ళైన కొత్తలో మావగారే దగ్గర కూచోబెట్టుకుని నేర్పారు.

ఆ పిల్లకో పద్ధతుంది. కెమెరా స్టాండు మీద పెట్టి, చేతిలో చిన్న రిమోటు పట్టుకుని, అందరూ చీరలు, జుట్టూ సర్దుకుంటుండగానే ఒకటి తీసేస్తుంది. ఆ తర్వాతే రెడీ అంటుంది. ఎందుకమ్మా అంటే, రెడీ అన్నాక ఎవరి మొహం వాళ్ళ దగ్గర ఉండదండి అంటుంది.

ఇంత చేస్తే ఇంట్లో దక్కేదేంటి? సోమవారం పొద్దున్న జరిగింది చెప్తా వినండి. ఆలమూరులో ఎవరో ముసలాయన పోయారని ఫోనొచ్చి, ఆశాజ్యోతి తెల్లారకుండా వెళ్ళి తొమ్మిదింటికి తిరిగొచ్చింది. ఫిన్నీ పెసరట్టు ఉప్మా తింటున్నాడు. అత్తగారు రూతమ్మ మూడో అట్టు వేస్తూ, కోడలి బండి చప్పుడు వినగానే అట్లకాడ గాల్లో ఆపింది.

"ఆ సంచి మెట్ల కిందే ఉంచు. పెరట్లో నీళ్ళు పోసుకుని రా. శవాన్ని చూసిన కళ్ళతో నా పెనం వంక చూడకు, అట్టు విరిగిపోద్ది."

"అలాగేనండి అత్తయ్యా," అంది ఆశాజ్యోతి. ఏడేళ్ళ నుంచీ అదే మాట.

రూతమ్మ గారి గురించి ఓ ముక్క చెప్పాలి. ఆవిడా, ద్రాక్షారామంలో ఉండే సొంత అక్క సువార్తమ్మ టీచరు గారూ పదకొండేళ్ళు మాట్టాడుకోలేదు. ఎందుకంటే, చర్చి స్త్రీల సమాజం ప్రెసిడెంటు ఎన్నికలో అక్క చెల్లెలికి ఓటెయ్యలేదు. అంతే. ఆ పదవికి ఓ గంట, ఓ రిజిస్టరు, పండక్కి ముందు వరస కుర్చీ తప్ప ఇంకేం రాదు. దానికోసం పదకొండేళ్ళు. ఆర్నెల్ల క్రితం ఆ అక్క పోయింది. రూతమ్మ జనం కోసం వెళ్ళి, తిరిగొచ్చి, వీధి వీధికీ చెప్పింది: నా కంట్లోంచి ఒక్క బొట్టు రాలితే ఒట్టు అని. కూరగాయల బండివాడికి చెప్పింది, కరెంటు మీటరు చూసేవాడికి చెప్పింది, ఎవరూ దొరక్కపోతే మేకకి కూడా చెప్పేదనుకుంటా.

సరే, ఆ సోమవారమే స్టూడియో కంప్యూటర్‌కి ఓ మెయిలొచ్చింది. జర్మనీలో హాంబర్గ్ అని ఓడల రేవు ఉన్న ఊరు. అక్కడ ఫోటోలు తీసేవాళ్ళ కోసమని ఓ ఇల్లు పెట్టారంట. దేశదేశాల నుంచీ పిలిచి పది వారాలు ఉంచుకుంటారు. టికెట్టు వాళ్ళదే, గది వాళ్ళదే, తిండి వాళ్ళదే. బదులుగా ఏం చెయ్యాలంటే, ఊరంతా తిరిగి నచ్చినట్టు ఫోటోలు తీసుకోవడమే. మేం ముందు నమ్మలేదు. పని చెయ్యకుండా తిండి పెట్టేవాళ్ళు అత్తారింట్లో మొదటి వారం తప్ప ఎక్కడున్నారండి?

మెయిల్లో ఏముందో ఇంగ్లీషు మాస్టారు సాల్మన్ గారు చదివి చెప్పారు. మీ స్టూడియో వారు ద్రాక్షారామంలో తీసిన ఒక కుటుంబం ఫోటో చూసాం, ఆ ఫోటో తీసినవారిని పిలవాలనుకుంటున్నాం, శనివారం సాయంత్రం వీడియోలో మాట్లాడి ఖాయం చేస్తాం అని. అంతే, ఫిన్నీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ద్రాక్షారామంలో గణేష్‌బాబు గారి పెళ్ళికి తను డ్రోనుతో తీసిందే అయ్యుంటుందన్నాడు. మధ్యాహ్నానికి మండపేటంతా తెలిసిపోయింది. సాయంత్రానికి ఫ్లెక్సీ కట్టేశారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఫిన్నీ, పక్కన విమానం, వెనకాల ఈఫిల్ టవరు. హాంబర్గ్‌కీ దానికీ ఏంటి సంబంధమని ఒక్కడు అడగలేదు. అడిగేవాళ్ళందరికీ శనివారం కృతజ్ఞతా కూడికలో బిర్యానీ ఉందని చెప్పేశారు మరి.

ఆశాజ్యోతి మాత్రం కంప్యూటర్ దగ్గర కూచుని మెయిలుకి జత చేసిన ఫోటో తెరిచి చూసింది. పెళ్ళి కాదు. సువార్తమ్మ గారి పెట్టె. సువార్తమ్మ గారి కొడుకు బుజ్జిబాబు ఓడల్లో పనిచేస్తాడు. వాళ్ళమ్మ ఆల్బం వెంట తీసికెళ్ళి, హాంబర్గ్ రేవులో ఓడవాళ్ళు దిగే బసలో అందులోంచి ఓ ఫోటో గోడకి పెట్టుకున్నాడంట. అక్కడ ఎవరో చూసారు, ఫోటో మూలనున్న స్టూడియో పేరు పట్టుకుని మెయిలిచ్చారు. అదీ సంగతి.

ఆ పిల్లకి గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, కింద షట్టరు దడదడలాడిందని పక్క కొట్టువాడు చెప్పాడు. ఏడేళ్ళలో మొదటిసారి, నాకోసం ఎవరో పిలిచారు అనుకుంది. మొగుడి దగ్గరికెళ్ళి, ఆ ఫోటో నేను తీసిందండి, మీరు ఓసారి తెరిచి చూడండి అంది. ఫిన్నీ తెరిచాడు. పెట్టె మూల కనపడగానే కళ్ళు మూసేసి, మూసిన కళ్ళతోనే కంప్యూటర్ ఆపేశాడు.

"స్టూడియో నాది. కెమెరా నాది. నువ్వు నా పెళ్ళానివి," అన్నాడు. "మూడూ నావైతే ఫోటో నీదెలా అయ్యింది? శవాల ఫోటోలు చూసి దేశాలు పిలుస్తాయా? నా పని చూసి పిలిచుంటారు, ఏదో ఒకటి జత చేసుంటారు. వెళ్ళి అన్నం సంగతి చూడు."

కావాలంటే ఆ పిల్ల ఆ రాత్రే అందరి ముందూ ఫోటో పెట్టి తేల్చెయ్యొచ్చు. కానీ అందులో ఓ చిక్కుంది. అది రెడీ అనకముందు తీసింది. తలా ఓ పక్కకి చూస్తున్నారు, చీరలు సర్దుకుంటున్నారు. ఎవరూ చూడట్లేదనుకుని రూతమ్మ గారు తెల్ల దుప్పటి మీంచి అక్క కాలి బొటనవేలు రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరుచుకుని ఏడుస్తోంది. ఫోటో చూపిస్తే ఆశాజ్యోతి విమానం ఎక్కుద్ది. అత్తగారు ఆర్నెల్ల నుంచీ ఊరంతా చెప్పుకున్నదంతా నీళ్ళలో కలిసిపోద్ది. చూపించకపోతే మొగుడు వెళ్తాడు.

బుధవారం వంటింట్లో ఓ ప్రయత్నం చేసింది. ఫోన్లో ఆ ఫోటో తెరిచి కొంగు కింద పట్టుకుని, అత్తయ్యా, ఆ హాంబర్గ్ పిలుపు నా ఫోటో చూసి వచ్చిందండి అంది. రూతమ్మ మామిడికాయ తరుగుతూ తలెత్తలేదు.

"నీ ఫోటోలకి విమానమెందుకే? వల్లకాటికి ఆటో చాలు," అంది. "నేను మా అక్కకే ఏడవలేదు. ఊళ్ళో వాళ్ళ ఏడుపులు తీసుకుతిరిగే నీకు దేశాలా? మా కాలంలో కోడళ్ళు నోరు తెరిస్తే ఆవలింతకే."

ఆశాజ్యోతి కొంగు కింద ఫోన్ ఆపేసింది. అందరూ దాన్ని చేతగానితనం అన్నారు. నేనూ అన్నాను. మనం అనడానికేముంది, నోరేగా.

శనివారం నాలుగింటికి స్టూడియో ముందు షామియానా వేశారు. మైకుసెట్టు చిట్టియ్య తెచ్చిన సౌండు బాక్సులు ఎంత పెద్దవంటే, ఊదితేనే మిల్లులో ధాన్యం దానంతటదే పొట్టు వదిలింది. వాడు ఏ సభకెళ్ళినా సభ అయ్యేదాకా బిర్యానీ వైపే చూస్తుంటాడు. చుట్టాలొచ్చారు. జీవితంలో ఫిన్నీని ఓ టీ తాగమని అడగనివాళ్ళు కూడా దండలు తెచ్చారు, తిరిగొచ్చేటప్పుడు సెంటు సీసాలు తెమ్మని చీటీలు కూడా తెచ్చారు. పెళ్ళి వీడియోలేసే పెద్ద తెర కట్టించి, హాంబర్గ్ నుంచి మాట్టాడే దొరసాని మాటలు ఊరంతా వినాలని ఫిన్నీ వీడియో కాల్ దాని మీదే పెట్టించాడు. ఆశాజ్యోతి వెనకాల పెరుగుచట్నీ గిన్నెల దగ్గరుంది. ఆరేళ్ళ కూతురు ప్రిస్కిల్లా తాతగారి ఒళ్ళో ఉంది.

దొరసాని తెర మీదకొచ్చింది. పేరు ఉర్సులా. తెల్లజుట్టు, మంచి నవ్వు. సాల్మన్ మాస్టారు తెలుగు చేస్తున్నారు. ఆయనకి మైకు దొరికితే బైబిలు భాషే వస్తుంది, మామూలు తెలుగు రాదు. "ఆ స్త్రీ సెలవిచ్చుచున్నదేమనగా," అని మొదలెట్టేవారు. ముందు ఫిన్నీని పొగిడిందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆవిడ, నేను చూసిన ఫోటో ఇదే అని, తెర నిండా పెట్టేసింది.

పదడుగుల పెట్టె, పదడుగుల సువార్తమ్మ. ఫిన్నీ గట్టిగా కళ్ళు మూసుకున్నాడు, మైకు మాత్రం వదల్లేదు. ముందు వరసలో రూతమ్మ గారు మాత్రం తన మొహం తను చూసుకుంది. ఏనుగంత మొహం, దాని మీద కన్నీళ్ళు ఏలేరు కాలవంత. కరెంటు మీటరు చూసేవాడు కూడా వచ్చున్నాడు, తలకాయ దించుకున్నాడు.

"ఆ స్త్రీ అడుగుచున్నదేమనగా," అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి, "పాదముల యొద్ద విలపించు ఆమె ఎవరు? పక్కన కళ్ళజోడు పెట్టుచున్న చెయ్యి ఎవరిది?"

నిజమే. ఫోటో ఓ పక్క నుంచి ఓ చెయ్యి వచ్చి సువార్తమ్మ గారికి కళ్ళజోడు పెడుతోంది. మొహం లేదు, చెయ్యే.

ఫిన్నీ కళ్ళు తెరవకుండానే, అది మా అసిస్టెంటు చెయ్యండి అన్నాడు.

వెనకాల గిన్నె మీద గరిటె పెట్టిన చప్పుడైంది. ఆశాజ్యోతి కుర్చీల మధ్యలోంచి నడుచుకుంటూ ముందుకొచ్చింది. ఇప్పుడు కడిగేస్తుంది, ఏడేళ్ళదీ ఒకేసారి కడిగేస్తుంది అని మేమంతా మెడలు సాచాం. బిర్యానీ సంగతి కూడా మర్చిపోయాం.

"మాస్టారూ," అంది ఆ పిల్ల, "ముందు ఆ ఫోటో తెర మీంచి తీసెయ్యమని చెప్పండి. మా అత్తయ్యగారికి ఇష్టం ఉండదు. ఎవరు తీసారన్నది తర్వాత చూసుకుందాం. నన్ను పిలవకపోయినా పర్లేదు, ముందు అది తియ్యమనండి."

మాస్టారు ఆ ముక్క ఇంగ్లీషులో అనేలోపే రూతమ్మ లేచింది. "ఉండనియ్యండి," అంది. తెర దగ్గరికి నడిచి, అక్క మొహం ముందు నిలబడింది. నీడ పడి సగం ఫోటో చీకటైపోయింది.

"అక్కకి కళ్ళజోడు నువ్వే పెట్టావా?" అనడిగింది, కోడలి వంక తిరక్కుండా.

"అవునండి. అది లేకపోతే పెద్దమ్మగారు వేరే ఎవరోలా ఉన్నారు. గూట్లో వెతికి తెచ్చాను."

"ఈ ఫోటో ఆర్నెల్ల నుంచీ నీ దగ్గరుంది. నేను నిన్ను అన్నవన్నీ అంటున్నా, ఊళ్ళో గొప్పలు చెప్పుకుంటున్నా, ఒక్క మాట అనలేదు."

"మీకు చెప్పాలనిపించినప్పుడు మీరే చెప్తారనుకున్నానండి."

రూతమ్మ గారు అక్కడే, తెర ముందు నేల మీద కూచుండిపోయింది. ఒక్క బొట్టు రాల్చనన్న మనిషి ఎంత ఏడ్చిందంటే, షామియానా రాటలు నానిపోయి ఓ పక్కకి ఒరిగాయి. ఓటు కోసం పదకొండేళ్ళు పారేసుకున్నానే, అక్క పిలిస్తే ఒక్కసారి వెళ్ళలేదే, బతికుండగా దాని చెయ్యి పట్టుకోలేక, పోయాక కాలు పట్టుకున్నానే అంటూ ఏడ్చింది. ఆశాజ్యోతి పక్కన కూచుని చెయ్యి పట్టుకుంది. శవాలు ముట్టుకున్న చెయ్యే. రూతమ్మ ఆ చెయ్యి మొహానికి ఆనించుకుని ఏడ్చింది. మేం చూసాం.

కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని కొడుకుని పిలిచింది. "ఫిన్నీ, కళ్ళు తెరవరా. తెరిచి, ఈ ఫోటో నువ్వు తీసావో లేదో మైకులో చెప్పు."

తెరిచాడు పాపం. ముప్ఫై ఆరేళ్ళ జీవితంలో మొదటిసారి పెట్టెలో మనిషిని చూసాడు. పడిపోతాడని ఇద్దరు వెనకాల సిద్ధంగా నిలబడ్డారు. పడలేదు. పెట్టె చూడట్లేదు వాడు, తెర మీద తల్లి మొహం చూస్తున్నాడు.

"నేను తియ్యలేదు," అన్నాడు. "నేను ఆ రోజు గేటు బయటే ఉండిపోయాను. అమ్మ ఏడ్చిందని కూడా నాకు తెలీదు. ఆశ తీసింది. నాకు ముందే చెప్పింది, నేనే దొంగతనం చేసాను."

ఆ మాటతో వాడి మీద నాకున్న చులకన సగం పోయింది. మిగతా సగం ఉంచుకున్నాను, పనికొస్తుంది.

ఉర్సులా గారికి మాస్టారు అంతా చెప్పారు. ఆ రోజు ఆయనకి కూడా బైబిలు భాష రాలేదు, మామూలుగానే చెప్పారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, నేను పిలిచింది ఆ చేతినే, మే నెల ఒకటో తారీకుకి రమ్మనండి అంది. ఆశాజ్యోతి మొగుడి వంక చూడలేదు, అత్తగారి వంక చూసింది. రూతమ్మ, పాప సంగతి నేను చూసుకుంటాను, నువ్వెళ్ళమ్మా అంది. అమ్మా అనడం ఏడేళ్ళలో అదే మొదలు. కుర్చీలో ఐజాక్ గారు మోకాళ్ళు పట్టుకుని మెల్లిగా లేచి నిలబడ్డారు. పాస్‌పోర్టుకి నేను తీసికెళ్తాను, నువ్వు లేనన్నాళ్ళూ పోయినోళ్ళ ఇళ్ళకి ఫిన్నీ వెళ్తాడు, ఇది నా మాట అన్నారు.

ఫిన్నీ దండ తీసి కుర్చీ మీద పెట్టి, పెళ్ళాం దగ్గరికొచ్చి చిన్న గొంతుతో అడిగాడు. "దగ్గరికెళ్ళి ఎలా నిలబడతావు ఆశా? నాకు చేతకాదేమో."

"పోయినోళ్ళని చూడకండి," అంది. "ఉన్నోళ్ళని చూడండి. వాళ్ళకి మీ అవసరం ఉంటుంది. అప్పుడు భయం వెయ్యదు."

ఆడవాళ్ళందరూ ముక్కులు చీదుకుంటున్నారు. పాస్టరు గారు ముగింపు ప్రార్థనకి లేచి, మైకు కోసం చెయ్యి చాపారు. మైకు చిట్టియ్య చేతిలో ఉంది. వాడు ఇవ్వలేదు. సభంతా అయ్యాక అప్పుడే ఏదో అర్థమైనట్టు, బుర్ర గోక్కుంటూ, మైకులోనే అడిగాడు.

"పాస్టరు గారండీ, ప్రార్థన తర్వాత చేద్దురు గానీ, ముందు ఆ పది వారాలూ మన సంఘంలో ఎవరూ పోకూడదని గట్టిగా ఓ ప్రకటన ఇవ్వండి. ఫిన్నీ గారు కళ్ళు మూసుకుని తీస్తే, ఫోటోలో పెట్టెలో వాళ్ళు కూడా కళ్ళు మూసుకునే పడతారు."